చూసిన చూపుకు ఋణం లేదా?

"నీళ్ళు చూడటానికి పెట్రోలు తగలేసుకుని పోవాలా?"

మన ఇళ్ళల్లో ఈ మాట వినని వారుండరు. పెళ్ళికి వెళితే ఎవరూ ఏమీ అనరు. తిరునాళ్ళకు వెళితే దణ్ణం పెట్టి పంపుతారు. ఆసుపత్రికి వెళితే జాలిపడతారు. కాని భార్యాభర్తలిద్దరూ పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలిపెట్టి, ఏ పనీ లేకుండా, కేవలం నాలుగు చోట్లు చూసి రావడానికి ఒక రోజు బయలుదేరితే మాత్రం పెద్దవాళ్ళ నొసలు ముడిపడుతుంది. ఆ డబ్బుతో పది రోజుల సరుకులు వస్తాయి కదా అని లెక్క చెబుతారు.

ఈ మాటను నవ్వి కొట్టివేయకూడదు. లేమిలో పెరిగి, రూపాయి రూపాయి కూడబెట్టి మనల్ని చదివించిన వాళ్ళు అంటున్న మాట అది. అందులో రెండు గట్టి ప్రశ్నలు ఉన్నాయి. ఊరికే చూడటం ఒక పనేనా, దానివల్ల మనిషికి ఒరిగేదేమిటి అన్నది మొదటిది. పక్కవాడికి అవసరం ఉన్నప్పుడు మన సంతోషం కోసం ఖర్చు పెట్టుకోవడం న్యాయమా అన్నది రెండోది. ఈ రెండింటికీ నిజాయితీగా జవాబు చెప్పగలమా? ఒక జంట గడిపిన ఒక రోజును ముందు పెట్టుకుని ఆలోచిద్దాం.

తుని వైపు ఒక పట్టణంలో ఉండే దంపతులు వాళ్ళు. ఆయన ఒక కార్యాలయంలో గుమాస్తా. ఆమె బడిలో పంతులమ్మ. పెళ్ళయి పందొమ్మిదేళ్ళు. పెళ్ళయిన కొత్తలో "నిన్ను విశాఖపట్నం నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే తీసుకెళతాను" అని ఆయన మాట ఇచ్చాడు. తర్వాత పిల్లలు పుట్టారు, తండ్రి మంచాన పడ్డాడు, ఇల్లు కట్టుకోవాల్సి వచ్చింది. మాట అలాగే ఉండిపోయింది. చివరికి ఒక రెండో శనివారం నాడు, చలికాలంలో, తెల్లవారకముందే పాత కారులో బయలుదేరారు. ఆయన జేబులో ఒక చీటీ ఉంది. రాస్‌హిల్, సబ్‌మెరైన్, కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. మొత్తం ఏడు చోట్లు. ప్రతి పేరు పక్కనా ఇన్ని నిమిషాలని రాసి ఉంది.

రాస్‌హిల్ మీద మరియమాత దేవాలయంలో కొద్దిసేపు మోకరించి బయటికి వచ్చారు. కింద ఓడరేవు కాలువ, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. పక్క పక్కనే ఉన్న మూడు గుట్టల మీద ఒకదానిపై చర్చి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరస్వామి గుడి. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. ఆయన కారు తాళాలు గలగలలాడించాడు.

రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కారు. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో మన నౌకాదళంలో చేరి, 31 ఏళ్ళు పనిచేసి, 2001లో విరమించిన నౌక అది. 2002లో ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. పొడవు 91 మీటర్లు ఉన్నా లోపల ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు ఒత్తిగిలాల్సిందే. అందులోనే దాదాపు 75 మంది పనిచేసేవారు. "లోపలున్నప్పుడు సముద్రం కనపడేదా అండీ?" అని ఆమె అక్కడ వివరించే పెద్దాయనను అడిగింది. "కిటికీలు ఉండవమ్మా. పెరిస్కోపులోంచి చూసేది ఒక్కరే. మిగతావాళ్ళు యంత్రాల చప్పుడు వింటూ పని చేసుకోవడమే" అన్నాడాయన. సముద్రంలోనే ఉంటూ సముద్రాన్ని చూడని మనుషులు! ఆమెకు ఇంకా అడగాలని ఉంది. "పద పద, ఇంకా అయిదున్నాయి" అన్నాడు భర్త.

ఇలాగే కైలాసగిరి అయింది, ఋషికొండ అయింది. తొట్లకొండ మీదికి వచ్చేసరికి ఆమె కూర్చుండిపోయింది. కూర్చోవాలనిపించే చోటే అది. రెండు వేల ఏళ్ళకు పూర్వం బౌద్ధ భిక్షువులు నివసించిన కొండ. వాననీళ్ళు నిలవ చేసుకోవడానికి వాళ్ళు రాతిలో తొలిచిన తొట్ల వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. 1988లో మొదలైన తవ్వకాల్లో స్తూపాలు, విహారాల పునాదులు బయటపడ్డాయి. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. అంటే ఆ కొండ కింద సముద్రం ఆనాడే ఎక్కడెక్కడి మనుషులనో ఈ ఒడ్డుకు తెచ్చిందన్నమాట. "ఇంకా రెండు చోట్లున్నాయి, పొద్దు వాలిపోతోంది" అని భర్త తొందరపెట్టాడు. అప్పుడామె అన్న మాట ఇది: "ఏవండీ, నాకు ఏడు చోట్లు అక్కర్లేదు. ఒక్క గంట కావాలి."

పాఠకులారా, ఆయనను తప్పుపట్టడానికి తొందరపడకండి. పందొమ్మిదేళ్ళ బాకీని ఒక్క రోజులో వడ్డీతో సహా తీర్చేయాలనుకున్న మనిషి ఆయన. ఆ చీటీలో ఉన్నది ప్రేమే. కాని ప్రేమ లెక్కల పుస్తకంలోకి ఎక్కితే ఏమవుతుందో చూడండి. చూసిన చోటు పక్కన టిక్కు పడుతుంది, మనసులో ఏమీ పడదు. నేడు చేతిలో సెల్‌ఫోను కూడా చేరింది. కొండ ఎక్కగానే సముద్రానికి వీపు తిప్పి ఫొటో తీసుకుని దిగిపోతున్నాం. వెళ్ళివచ్చాం అనడానికి సాక్ష్యం దొరికింది, వెళ్ళడమే జరగలేదు. చుట్టి రావడం వేరు, చూసి రావడం వేరు. మొదటిదానికి కాళ్ళు చాలు. రెండోదానికి మనసు నిలవాలి.

ఇక్కడ ఒక పెద్దాయన అడ్డు చెబుతారు. ఆయన మామూలువాడు కాదు, పునీత అగుస్తీనుగారు. క్రీ.శ. 400 ప్రాంతంలో రాసిన తన 'కన్ఫెషన్స్' పదవ భాగంలో ఆయన ఒక విచారం వెలిబుచ్చారు. లోకంలోని వింతలు చూడటానికి జనం ఎంత దూరమైనా పోతారు గాని, తమ లోపలికి తొంగి చూడరన్నది దాని సారాంశం. తొమ్మిది వందల ఏళ్ళు దాటిన తర్వాత ఈ మాట ఒక యాత్రికుణ్ణి నిలువునా పట్టుకుంది. ఇటలీ కవి పెట్రార్క్ 1336 ఏప్రిల్ 26న తమ్ముడితో కలిసి ఫ్రాన్సులోని వాంటూ పర్వతం ఎక్కాడు. శిఖరం మీద నిలబడి తనతో తెచ్చుకున్న ఆ పుస్తకం తెరిస్తే సరిగ్గా ఆ మాటలే కంటపడ్డాయట. సిగ్గుపడి, కొండ దిగేదాకా మాట్లాడలేదని ఆయనే రాసుకున్నాడు.

అయితే చూడటమే దోషమా? ఇంట్లో కళ్ళు మూసుకుని కూర్చోవాలా? అగుస్తీనుగారి జీవితంలోనే దీనికి జవాబు ఉంది. అదే పుస్తకం తొమ్మిదవ భాగంలో మరో సంగతి చెప్పారు. 387లో మిలాను నగరంలో జ్ఞానస్నానం పొందాక, ఆయన తల్లి మోనికమ్మతో కలిసి ఆఫ్రికాలోని సొంతూరికి బయలుదేరారు. రోముకు సమీపంలోని ఓస్తియా అనే రేవు పట్టణంలో ఓడ కోసం ఆగారు. దూర ప్రయాణం బడలిక తీర్చుకుంటూ ఒకనాడు తల్లీ కొడుకులిద్దరూ ఒక కిటికీ దగ్గర నిలబడి బయటి తోటను చూస్తూ మాట్లాడుకున్నారు. తోటలో మొదలైన మాట ఎక్కడెక్కడికో, సృష్టినంతా దాటి, పరలోకం దాకా వెళ్ళింది. కొద్ది రోజులకే మోనికమ్మకు జ్వరం వచ్చి, తొమ్మిదో రోజున కన్నుమూసింది. అప్పటికామెకు 56 ఏళ్ళు. ఆ కొడుకుకు జన్మంతా మిగిలింది ఆ కిటికీ దగ్గరి మాటలే.

అంటే ఆయన నిందించింది చూపును కాదు, లోపలికి చేరకుండా పైపైనే జారిపోయే చూపును. ఓస్తియా కిటికీ దగ్గర చూపు లోపలికి దారి తీసింది. ఎందుకు తీసింది? అక్కడ ఇద్దరున్నారు, వాళ్ళు ఆగి ఉన్నారు, చేతిలో చీటీ లేదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి ముఖం ఒకరికి పరీక్ష పెట్టినట్టుంటుంది. పక్కపక్కన నిలబడి ఒకే దానివైపు చూస్తున్నప్పుడు, ఎంత కష్టమైన మాటైనా కాస్త సులువుగా బయటపడుతుంది. పొలం గట్టు మీద, బస్సు సీట్లో, వంటింటి అరుగు మీద మనకందరికీ తెలిసిన సంగతే ఇది.

మన పెద్దలు మనిషి కొన్ని ఋణాలతోనే పుడతాడని అనేవారు. చూపుకు కూడా ఋణాలున్నాయని నాకనిపిస్తుంది. ఆ రోజు మిగతా ప్రయాణంలో అవి ఒక్కొక్కటే ఎదురయ్యాయి.

మొదటిది చోటు ఋణం. ఎర్రమట్టి దిబ్బలు చూడండి. సముద్రపు మట్టం మారుతూ, గాలి ఇసుకను మోస్తూ, వానలు కోస్తూ, వేల ఏళ్ళు పట్టి ఏర్పడిన ఎర్రటి గుట్టలవి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా వాటికి చోటు దొరికింది. అవి రాళ్ళు కావు, ఇసుకే. ఒక్కడు పక్కల మీద జారితే పెద్ద నష్టం ఉండదు. ప్రతివాడూ "నేనొక్కణ్ణే కదా" అనుకుంటేనే నష్టం. తాగి పడేసిన సీసా, తిని పారేసిన పొట్లం కూడా అంతే. వేల ఏళ్ళు కూడిన దాన్ని ఒక్క పూట చూడటానికి వచ్చిన చుట్టాలం మనం. చుట్టం ఇంటివాళ్ళ గోడ గీకడు కదా!

రెండోది అక్కడి మనుషుల ఋణం. భీమిలి దారిలో ఒక జాలరిపేట దగ్గర కారు ఆపారు. ఒక ముసలమ్మ ఇసుక మీద చేపలు ఎండబెడుతోంది. ఆయన ఫోను ఎత్తాడు. "ఏటి బాబూ, మా ఎండుసేపలు కూడా సూడ్డానికొచ్చినారా?" అంది ఆమె నవ్వుతూనే. ఆయన ఫోను దించాడు. భార్య దిగి వెళ్ళి పక్కన కూర్చుంది. "రోజూ సముద్రం చూస్తారు గదా అమ్మా, విసుగెత్తదా?" అని అడిగింది. "సముద్రాన్ని ఎవులు సూత్తారమ్మా? పడవొస్తందో నేదో సూత్తాం" అంది ముసలమ్మ.

ఈ మాట మీద ఎన్నాళ్ళయినా ఆలోచించవచ్చు. మనకు చూడచక్కని దృశ్యం అయినది ఆమెకు పని చోటు, అన్నం గిన్నె, కొన్నిసార్లు శ్మశానం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టి పెరిగే కాలం అది. సముద్రానికి కూడా విశ్రాంతి కావాలని చట్టమే ఒప్పుకుందన్నమాట. విశ్రాంతి వృథా అనేవారికి అదొక మంచి జవాబు. కాని ఆ విశ్రాంతి ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? ప్రభుత్వం ఇచ్చే సాయం ఉన్నా, ఆ రెండు నెలలూ పొయ్యి మీద ఎసరు గురించి దిగులుపడేది జాలరి కుటుంబమే. మన సెలవు కూడా అంతే. మనం తిరుగుతున్న శనివారం నాడు పిల్లల్ని అమ్మమ్మ చూస్తోంది, జలాంతర్గామిలో పెద్దాయన నిలబడి వివరిస్తున్నాడు, టీ కొట్టు కుర్రవాడు గ్లాసులు కడుగుతున్నాడు. ఒకరి విశ్రాంతిని ఇంకెవరో మోస్తూనే ఉంటారు. అందుకని విశ్రాంతి మానుకోనక్కర్లేదు. ఆ మోసేవారిని చూడాలి, పలకరించాలి, వారి దగ్గర రూపాయి కోసం గీచి గీచి బేరమాడకూడదు, అడగకుండా వారి ముఖాన్ని బొమ్మగా పట్టుకుపోకూడదు. మన వంతు వచ్చినప్పుడు వారి విశ్రాంతిని మనం మోయాలి. అమ్మమ్మను ఒక రోజు మనం బయటికి తీసుకువెళ్ళామా అని కూడా అడుగుకోవాలి.

మూడోది పక్కనున్నవారి ఋణం. మిగతా రెండింటికంటే బరువైనది ఇదే. భీమిలి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ డచ్చివారి సమాధులున్నాయి. వర్తకం కోసం వచ్చి, 17, 18 శతాబ్దాల్లో ఇక్కడే కన్నుమూసి, ఈ మట్టిలోనే ఉండిపోయిన వాళ్ళు. ఇంటి దగ్గర ఎవరో ఎదురుచూసే ఉంటారు. ఆ రాళ్ళ మధ్య తిరిగి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి వచ్చి ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు. చీటీలో ఇక ఏమీ మిగలలేదు. చాలాసేపు నీళ్ళవైపే చూసి, తల తిప్పకుండానే ఆయన చెప్పాడు: తమ్ముడి అప్పుకు తాను హామీ సంతకం పెట్టాడు. తమ్ముడు కట్టడం మానేశాడు. మూడు నెలలుగా తన జీతంలోంచి కోస్తున్నారు. ఇంట్లో మాత్రం బకాయిలు రాలేదని చెబుతూ వచ్చాడు.

ఆమెకు కోపం రాలేదా? వచ్చింది. "ఇంత నెత్తిన పెట్టుకుని ఇవాళ ఈ తిరుగుడేమిటి?" అని అడిగింది. "ఇంట్లో చెప్పడానికి చోటు దొరకలేదు. ముందు గదిలో అమ్మ, వెనక గదిలో పిల్లలు, మధ్యలో టి.వి." అన్నాడాయన. ఆమె లేచి కారెక్కింది. తగరపువలస దాటింది, ఆనందపురం దాటింది, ఒక్క మాట లేదు. అనకాపల్లి దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు ఆమె నోరు విప్పింది. "ఎంత?" అని అడిగింది. ఆయన అంకె చెప్పాడు. బిల్లు వెనకాలే ఇద్దరూ లెక్క వేసుకోవడం మొదలుపెట్టారు.

ఆ లెక్క తేలడానికి ఏళ్ళు పట్టవచ్చు. సముద్రం వాళ్ళ అప్పు తీర్చలేదు, దాపరికం మంచిదని కూడా తేల్చలేదు. కాని మూడు నెలలుగా ఒక్కడు మోస్తున్న బరువును ఇప్పుడు ఇద్దరు మోస్తున్నారు. అందుకయిన పెట్రోలు ఖర్చును వృథా అనగలమా?

ఇప్పుడు మన పెద్దల రెండో ప్రశ్నకు వద్దాం. అవసరంలో ఉన్నవాళ్ళుండగా ఈ ఖర్చు న్యాయమా? నా జవాబు ఇది. ఆకలితో ఉన్నవాడి వాటా తీసుకుని వెళ్ళే విహారం అన్యాయమే. అప్పు చేసి, గొప్ప కోసం, ఎదురింటివాళ్ళు వెళ్ళారని వెళ్ళే విహారం కూడా మెచ్చదగింది కాదు. కాని సంసారం అనే ఇంటికి కూడా ఏడాదికోసారి సున్నం వేయాలి, కారే చోట పెంకు మార్చాలి. ఇంటి మరమ్మతు ఖర్చును ఎవరూ దుబారా అనరు. భార్యాభర్తలు ఒకరి మాట ఒకరు పూర్తిగా వినడానికి తీసిన రోజు కూడా మరమ్మతు ఖర్చే. అది చేయక కూలిన ఇళ్ళు మన విచారణల్లోనే ఎన్ని లేవు!

పైగా దీనికి డబ్బు తప్పనిసరి కాదు. భీమిలి ఇసుకలో జరిగింది ఊరి చెరువు గట్టు మీద కూడా జరగవచ్చు. కాలువ వంతెన మీద, మామిడి తోపులో, సాయంత్రం రైల్వే స్టేషను బెంచీ మీద జరగవచ్చు. కావలసింది ఇద్దరూ ఒకేవైపు చూస్తూ, తొందర లేకుండా ఉండే గంట మాత్రమే. కారు ఉన్నవాడికి ఆ గంట దొరక్కపోవచ్చు, సైకిలు తొక్కేవాడికి దొరకవచ్చు. అగుస్తీనుగారికి, మోనికమ్మకు కావలసి వచ్చింది ఒక కిటికీ, ఒక తోట. అంతే.

కనుక పెద్దలారా, మీ పిల్లలు ఒక రోజు తమకోసం బయలుదేరితే "ఎందుకు?" అని కాక, "పిల్లల్ని మేం చూస్తాం, వెళ్ళి రండి" అని చెప్పి చూడండి. వెళ్ళే దంపతులారా, ఏడు చోట్లు రాసుకుంటే నాలుగు కొట్టివేయండి. వెళ్ళిన చోట చెత్త వదలకండి. అక్కడివారిని పేరు అడిగి పలకరించండి. మధ్యలో ఒక గంట ఫోను సంచిలో పెట్టి, పక్కనున్న మనిషి ఏం చెబుతారో వినండి. ఒకవేళ వినబడేది మీకు నచ్చని సంగతే అయితే, కోపం రావడం సహజం. అనకాపల్లి దాకా మౌనంగా ఉన్నా ఫరవాలేదు. కాని ఇల్లు చేరేలోగా "ఎంత?" అని ఒక్క మాట అడగండి.